మూడో సిలిండర్ గోడ

దస్తగిరి మేస్త్రి దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న లోకనాథం ఒక మధ్యాహ్నం పాత సామాన్ల కొట్టువాణ్ణి ఒప్పించి, రెండు ఇంజన్ బ్లాకులు ఆటోలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించాడు. రెండూ ఒకే రకం కారువి. ఒకటి ఇంతవరకూ బోరింగ్ పట్టనిది, అంటే సిలిండర్లను లోపల చెక్కి వెడల్పు చేయనిది. సిలిండర్ గోడలు దిట్టంగా ఉన్నాయి, ధరా ఎక్కువే. రెండోది ఇప్పటికే రెండుసార్లు బోరింగ్ పట్టినది, చవక. ఘాట్ రోడ్డు మీద జరిగే కార్ల పందేనికి ఆ ఇంజన్ నుంచి రెట్టింపు హార్స్‌పవర్ రాబట్టాలని లోకనాథం పట్టుదల. మొదటి బ్లాకు కొంటే, ఇంజన్‌లోకి గాలి ఎక్కించి బలం పెంచే టర్బోకి డబ్బు మిగలదు. రెండోది కొంటే టర్బో కూడా వస్తుంది, ఈ ఏడే పందేనికి పోవచ్చు. ఏది తీసుకోమంటారని మేస్త్రిని అడిగాడు.

అదే షెడ్డులో పనిచేసే నేను లేత్ మిషన్ దగ్గర ఉన్నాను. మేస్త్రి లేచి వచ్చి గోడలు తడిమి చూస్తాడనుకున్నాను. ఆయన కూర్చున్న స్టూలు మీద నుంచి కదలలేదు. అక్కడి నుంచే ఓబులేసు సంగతి చెప్పాడు.

ఓబులేసు కడపలో ప్రైవేటు బస్సు డ్రైవరు, మేస్త్రి ఈడువాడే. ఆ ఘాట్‌లో ప్రతి మలుపూ అతనికి కొట్టిన పిండి. ముప్పై ఏళ్ల కిందట ఒక పాత కారు సంపాదించి, పందేనికి తగ్గట్టు ఇంజన్ కట్టమని దస్తగిరిని అడిగాడు. చేతిలో ఉన్నది కొద్దిపాటి డబ్బు. అప్పటికే రెండుసార్లు బోరింగ్ పట్టిన చవక బ్లాకు తీసుకుంటేనే పెద్ద పిస్టన్లకీ రెండో కార్బొరేటర్‌కీ సరిపోతుంది. అదే తీసుకున్నారు. దస్తగిరి దానికి మూడోసారి బోరింగ్ పట్టి కొలిచి చూస్తే, మూడో సిలిండర్ గోడ ఒక పక్క ఉండవలసిన దానికన్నా బాగా సన్నంగా తేలింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. గోడకు దన్నుగా లోపల స్లీవ్ అనే ఇనప గొట్టం దిగ్గొట్టించవచ్చు కానీ, ఆ రోజుల్లో అందుకు మద్రాసు పోవాలి. పందెం ఎనిమిది రోజుల్లో ఉంది.

ఓబులేసు అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నిలుస్తాదా?" అని అడిగాడు.

"నిలుస్తాది" అన్నాడు దస్తగిరి.

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లంతా కడపలో కట్టిన ఇంజన్ మోత వినాలని ఆ వయసులో తనకు ఎంతో ఆశగా ఉండిందని మేస్త్రి మాకు చెప్పాడు. విన్నారు కూడా. ఓబులేసు తొమ్మిది మలుపుల దాకా అందరికన్నా ముందున్నాడు. ఆ తర్వాత పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వచ్చి, ఇంజన్ బిగుసుకుపోయి, బండి ఆగిపోయింది. దస్తగిరి కింది నుంచి నడిచి పైకి చేరేసరికి ఓబులేసు పిట్టగోడ మీద కూర్చుని కుడికాలి చెప్పు తీసి పక్కన పెట్టుకుని ఉన్నాడు.

"తప్పు నా కాలిదే దస్తగిరీ. తొక్కకూడని చోట తొక్కినా."

దస్తగిరి వంగి, బండిని లాగడానికి తాడు కట్టాడు. షెడ్డుకు తెచ్చి ఒక్కడే ఇంజన్ విప్పాడు. తాను కొలిచిన చోటే గోడ చీలి ఉంది. మర్నాడు ఓబులేసు వచ్చేలోగా ఆ బ్లాకును ఇనుము కరిగించేవాళ్లకు పంపేశాడు.

ఓబులేసు మళ్లీ పందెం బండి ఎక్కలేదు. కొన్నాళ్లకు ఓనరును బతిమాలి ఘాట్ రూటు కూడా మానుకుని, మైదానం బస్సు మీదికి మారాడు. కొత్త డ్రైవర్లు కనబడితే, దస్తగిరి కట్టిన బంగారమంటి ఇంజన్‌ని తన కాలు పాడు చేసిందని చెప్పేవాడట. ఆ మాట విని మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చిన గిరాకీ చాలానే ఉంది. పోయిన ఏడు ఓబులేసు చనిపోయేదాకా వాళ్ల స్నేహం చెడలేదు. సాయంత్రాలు ఈ షెడ్డులోనే కూర్చుని ఇద్దరూ టీ తాగేవాళ్లు. అది నేనూ చూశాను.

అన్నేళ్లలో ఒక్కసారైనా ఆ సంగతి ఓబులేసుకు ఎందుకు చెప్పలేదని లోకనాథం మెల్లగా అడిగాడు.

"చెప్దామనే కూర్చుంటాంటి. టీ అయిపోయేది, లేచి పోయేవాడు."

మేస్త్రి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బయట ఆటోవాడు, రెండింట్లో ఏది వెనక్కి తీసుకుపోవాలో చెప్పమని కేకేశాడు. లోకనాథం బ్లాకుల వైపు చూసి, దిట్టంగా ఉన్నదే ఉంచుకోమంటారా అని అడిగాడు. ఆ బండి నడిపేదెవరని మేస్త్రి ఎదురడిగాడు. తన బామ్మర్ది అని చెప్పాడు లోకనాథం.

"అయితే అతన్ని పిలిపించు. కొలిచేటప్పుడు పక్కనే నిలబెట్టుకో."