నూకరత్నం రెండు నమోదులు

పరాంకుశం గారు కొత్త ఇంజినీర్లకు డేటాబేస్ పాఠాలు చెప్పేవారు. ఏది మంచిదని ఎవరడిగినా వెంటనే బదులిచ్చేవారు కాదు. ఒకరోజు హిమజ అనే శిష్యురాలు పట్టుబట్టింది.

"సార్, రిలేషనల్ తీసుకోవాలా, నాన్ రిలేషనలా? ఒక్కమాటలో చెప్పండి."

ఆయన ఒక తుఫాను సంగతి చెప్పారు.

ఆ తుఫానులో తప్పిపోయినవాళ్ల జాబితా తయారుచేసే పని ఆయన మీద పడింది. ఒక శిబిరం మనుషుల పేరూ ఊరూ పంపేది, ఒక ఆసుపత్రి ఒంటిమీది గుర్తులు మాత్రమే పంపేది. పట్టికలు గీసి, ఒకదాన్ని మరోదానితో ముడిపెట్టే రిలేషనల్ పద్ధతికి వ్యవధి లేదు. అందుకని ఎవరికి తెలిసింది వాళ్లు, తోచిన రూపంలో రాసుకునే నాన్ రిలేషనల్ డేటాబేస్ పెట్టారు. రెండు రోజుల్లో నాలుగువేల మంది జాబితాకెక్కారు. అందరూ మెచ్చుకున్నారు.

మైలపల్లి నూకరత్నం శిబిరంలో క్షేమమని ఒక నమోదు; ఏ శిబిరమో రాయలేదు. మూడోనాడు ఆమెకు జ్వరం ముదిరి స్పృహ తప్పితే, చీటీ కూడా లేకుండా ఆసుపత్రికి పంపారు. మర్నాడు పోయింది. అక్కడ 'గుర్తు తెలియని స్త్రీ, ఎడమచేతి మీద పచ్చబొట్టు' అని మరో నమోదు. రెండింటినీ కలిపే ముడి ఎక్కడా లేదు. మొదటిది క్షేమమనే చెబుతూ ఉండిపోయింది.

భర్త దానయ్య అది నమ్మి ఆరు రోజులు శిబిరాలన్నీ తిరిగాడు. చివరికి పరాంకుశం గారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, మీ కంప్యూటర్లో మా ఆవిడ బతికే ఉన్నాదని రాసుంది. మరెక్కడున్నాదో సూసి సెప్పండి."

ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా అని ఆయన అడిగారు. ఎడమచేతి మీద 'దానయ్య' అని తన పేరే పొడిపించుకుందన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. పచ్చబొట్టు అని వెతికితే క్షణంలో దొరికింది. దిక్కులేని శవాలతోపాటు ఆమెను ముందురోజే పూడ్చేశారు. ఆ మాట దానయ్యకు చెప్పడానికి ఆయనకు గంట పట్టింది.

హిమజ అడిగింది. "అయితే పట్టికలే పెట్టాల్సింది కదా, సార్?"

"పెట్టుంటే పేరు గడి నింపడం తప్పనిసరయ్యేది, పేరు లేని మనిషిని అసలు ఎక్కించుకునేవాళ్లమే కాదు. అతనికి ఆ మాత్రం కబురు కూడా అందేది కాదు."

"మరి ఏది తీసుకోవాలి?"

"ఏదైనా తీసుకో అమ్మా. దానయ్య వచ్చి అడుగుతాడనుకుని తీసుకో."