ఇటుకల గోడ మీద బొగ్గు గీతలు

నాగబోధికి ఇటుకలతో నిద్ర కరువైంది.

కొండ మీది విహారంలో భిక్షువులు వానాకాలం తలదాచుకోవడానికి కొత్త శాల కడుతున్నారు. పోయిన పున్నమికి గురువు ఆర్యసేనుడు కొండ కింద ఇటుకల పని శిష్యుడు నాగబోధికి అప్పగించాడు. ఇప్పుడు చూస్తే ఒక ఇటుకకీ ఇంకో ఇటుకకీ పొసగడం లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తాపీవాడు నిన్న కట్టిన వరస ఇవాళ ఊడదీస్తున్నాడు. మబ్బులు అప్పుడే అటూ ఇటూ తిరుగుతున్నాయి.

పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని చిరిగిన కాషాయం కుట్టుకుంటున్నాడు.

"భంతే, కోటన్నను పనిలోంచి తీసెయ్యడానికి అనుమతివ్వండి."

"ఏం చేశాడు?"

"అతని ఇటుక కుదరడం లేదు. పోయిన పున్నమికి వచ్చాడు. అతను రాకముందు ఈ గొడవే లేదు."

"భార్య నిండు చూలాలు కదా. వానల ముందు ఎక్కడికి పోతారు?"

నాగబోధి తల వంచుకున్నాడు. "నాకూ అదే బాధ. కానీ శాల లేవకపోతే అందరమూ తడుస్తాం."

"అతని ఇటుకేనని ఎలా తెలిసింది?"

"మూడు వేళ్ళ గుర్తు ఉంది భంతే."

ఇటుకలు కోసేవాళ్ళు ముగ్గురు. పచ్చి ఇటుక మీద ఎవరి గుర్తు వాళ్ళు వేళ్ళతో గీస్తారు. పుల్లక్కది ఒక వేలు, ఆమె మరిది ఎల్లడిది రెండు, కోటన్నది మూడు.

"మిగతా ఇద్దరివీ కొలిచావా?"

"వాళ్ళు పాతవాళ్ళు. కొలవాల్సిన పనేముంది?"

గురువు సూది పక్కన పెట్టి, వంటింటి పొయ్యిలోంచి ఇంత బొగ్గు తీసుకుని కొండ దిగాడు.

ఇటుకల పాకకు సున్నం కొట్టిన గోడ ఉంది. దాని మీద తాడు పట్టించి అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇది ఉండాల్సిన కొలత," అన్నాడు.

ఆరిన ఇటుకలు ఏ రోజువి ఆ రోజు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి వరసలోంచీ ముగ్గురివీ కొన్నేసి తెప్పించాడు. ఇటుక రెండంచులూ కొలవడం, కొలత మించితే గీతకు పైన చుక్క, తగ్గితే కింద చుక్క, రెండు చుక్కలూ కలుపుతూ ఓ నిలువు గీత. ఒక రోజువి ముగ్గురివీ పక్కపక్కనే. మర్నాటివి కాస్త ఎడంగా.

"మా ఇటుకలకి జాతకం రాస్తున్నారా సామీ?" అంది పుల్లక్క. "నాకు రెండో పెళ్ళి ఉందేమో చూసి చెప్పండి."

"ఉంటే మీ మరిదికి ముందు చెబుతాను తల్లీ. ఖర్చు అతనిదే కదా," అన్నాడు గురువు.

కోటన్న మాత్రం నవ్వలేదు. సంగతి అతని చెవిన పడ్డట్టుంది. గుడిసె ముందు చాపా కుండలూ మూటగట్టి ఉన్నాయి.

ఎండ నెత్తికెక్కేసరికి గోడ నిండింది.

"చదువు," అన్నాడు గురువు.

నాగబోధి దగ్గరికి వెళ్ళి చూశాడు. "నిలువు గీతలన్నీ పొట్టివే. అంటే ఒకే ఇటుకలో అంచుకీ అంచుకీ తేడా లేదు. అచ్చు మంచిదే."

"ఊఁ."

"ఒకే రోజు ముగ్గురివీ..." గీతల మీద వేలు పెట్టి చూశాడు. "ఒకే ఎత్తులో ఉన్నాయి. కోటన్నవి వేరుగా ఏం లేవు."

"మరి?"

"రోజుకీ రోజుకీ ఉంది భంతే తేడా. ఒక రోజు ముగ్గురివీ పైకెక్కుతున్నాయి, ఇంకో రోజు ముగ్గురివీ కిందికి దిగుతున్నాయి."

"రోజురోజుకీ మారేదేమిటి?"

"మట్టి అదే గుంటది. అచ్చులు అవే. చేతులు అవే. బురదలో పోసే నీళ్ళు మారతాయి. నీళ్ళెక్కువైతే ఇటుక ఆరి కుంచించుకుపోతుంది."

"ఎన్ని కుండలు పొయ్యాలో ఎవరు చెబుతారు?"

"నేనే. ఇదివరకు పుల్లక్క రోజూ ఒకే లెక్కన పోసేది. నేను మాత్రం పొద్దున్నే, ముందెప్పుడో కోసి ఆరిన ఇటుక ఒకటి కొలుస్తాను. పొట్టిగా ఉంటే ఆ రోజు నీళ్ళు తగ్గిస్తాను, పొడుగ్గా ఉంటే పెంచుతాను. ఒక్క రోజు కూడా ఏమరలేదు భంతే."

గురువు బొగ్గు అతని చేతికిచ్చాడు. "ఏ రోజు ఎన్ని చెప్పావో, ఆ రోజు కింద అన్ని సున్నాలు చుట్టు."

నాగబోధి చుట్టడం మొదలుపెట్టాడు. సున్నాలు తక్కువున్న చోట ఇటుకలు పైన ఉన్నాయి. ఎక్కువున్న చోట కింద ఉన్నాయి. గోడ సగానికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. మిగతా సగం చుట్టకుండా నిలబడిపోయాడు.

"మరి కోటన్నను ఎప్పుడు పంపుదాం?" అని మెల్లగా అడిగాడు గురువు.

నాగబోధి తిన్నగా కోటన్న గుడిసె దగ్గరికి వెళ్ళి, వంగి, బొగ్గు చేతులతోనే మూట ముడి విప్పాడు. కోటన్న నాగబోధినీ మూటనీ మార్చి మార్చి చూశాడు. రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఇవాళ నీళ్ళెన్ని పొయ్యమంటారు సామీ?"

పక్కనే ఆరిన ఇటుక ఉంది. నాగబోధి చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్ళింది. కొలవకుండానే తెలుస్తోంది, ఓ వడ్లగింజంత పొట్టి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను రాకముందు పుల్లక్క ఎన్ని పోసేదో అన్నే."

"మరి రేపు?"

"రేపూ అన్నే."