పదివేల పొలుసుల చేప

గుల్లపేట రేవులో జోగినాథం అనే చిత్రకారుడు ఉండేవాడు. కుంకుమ భరిణె మూత మీద పెళ్ళి ఊరేగింపంతా గీయగల నేర్పరి, కానీ గీసిన బొమ్మను రెండడుగులు వెనక్కి వేసి చూసే అలవాటు మాత్రం లేనివాడు. "నా పనిని ముక్కు ఆనించి చూడాలి. దూరం నుంచి చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది?" అనేవాడు.

ఆ రేవుకు రెండు రాతిగుట్టల మధ్య నుంచి సన్నని దారి ఒకటే ఉండేది. చలికాలం సాయంత్రాల్లో మంచు కమ్మితే పడవలవాళ్ళకు అది దొరికేది కాదు. అందుకని ఊరిపెద్ద ఎర్రయ్య జోగినాథాన్ని పిలిచాడు.

"దారికి ఎదురుగా వలల కొట్టు గోడ ఉన్నాది గదా, దాని మీద పెద్ద చేపబొమ్మ వెయ్యి బాబూ. పడవలోళ్ళు దాన్ని చూసుకుని తిన్నగా వచ్చేత్తారు" అన్నాడు.

"ముందు ఓసారి నా పడవెక్కి అటునుంచి చూడు బావా" అన్నాడు జోగినాథం బావమరిది నూకరాజు.

"పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. అయినా భరిణె మీద పది పొలుసులు గీసిన చేతికి గోడ మీద పదివేలు గీయడం ఓ లెక్కా?" అని జోగినాథం కొట్టిపారేశాడు.

ఉడుత వెంట్రుకల కుంచెతో నెల రోజులు గీశాడు. ఒక్కో పొలుసుకు మూడు రంగులు! ఊరంతా గోడకు ముక్కు ఆనించి చూసి నోరెళ్ళబెట్టింది. ఇక జోగినాథాన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

వారం తిరక్కుండానే, మంచు కమ్మిన ఒక సాయంత్రం, నూకరాజు పడవ రాతిగుట్టకు కొట్టుకుని రెండు ముక్కలైంది. విరిగిన చేత్తో ఈదుకుంటూ ఎలాగో ఒడ్డున పడ్డాడు.

"చేపను చూసుకుని రాలేకపోయావా?" అని జోగినాథం కంగారుగా అడిగాడు.

"ఏ చేప బావా? గోడ మీద బూడిదరంగు మరకొకటి అవుపించింది. చెమ్మేమో అనుకున్నాను."

జోగినాథానికి తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడే అతను ఎర్రయ్యగారి పడవ ఎక్కాడు. వాంతులవుతున్నా గోడ మీది నుంచి చూపు తిప్పలేదు. పదివేల పొలుసులూ కలిసిపోయి, నిజంగానే మరకలా ఉన్నాయి.

ఒడ్డు చేరగానే సున్నం బకెట్టు తెచ్చాడు.

"నెల్లాళ్ళ కట్టం! సగమైనా ఉంచరాదా?" అని భార్య చిన్నమ్మలు అడ్డొచ్చింది.

"ఈసారి మీ తమ్ముడు బతికొచ్చాడు. రేపు ఇంకొకడు రాకపోతే?" అంటూ తన చేత్తోనే మొత్తం చెరిపేశాడు.

ఈసారి సున్నం వేసే కుంచే పట్టాడు. తెల్లగోడ మీద నల్లటి చేప, దానికి గంపంత పసుపుపచ్చ కన్ను. అంతే. గీత గీసినప్పుడల్లా పడవలో వెళ్ళి చూసి వచ్చేవాడు. వాంతులు ఆగలేదు, అతనూ ఆగలేదు. "ఒక్క పొలుసైనా లేదు, ఇదేం చేప!" అని పిల్లలు గోడ కింద చేరి నవ్వారు. జోగినాథం పట్టించుకోలేదు.

చెయ్యి అతుక్కున్నాక నూకరాజు ఎర్రయ్య పడవలో మళ్ళీ వేటకు వెళ్ళాడు. ఆ సాయంత్రమే మంచు ముంచుకొచ్చింది. చిన్నమ్మలు ఒడ్డుకు పరుగెత్తింది. జోగినాథం గోడనే చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో మంచులోంచి కేక వినబడింది.

"బావా! నీ చేప నన్నే చూత్తన్నాది!"

పడవ గుట్టల మధ్య నుంచి తిన్నగా ఒడ్డుకు వచ్చింది.

బొమ్మ చిన్నదైనా పెద్దదైనా గీసేవాడి నేర్పు చాటడానికి కాదు, చూసేవాడి కంటికి అందడానికి. అందుకే ఏ పనైనా, అది ఎవరి కోసమో వాళ్ళు నిలబడ్డ చోట నిలబడి చూసుకుని చెయ్యాలి.