తిట్టే కుండలు

నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో గవరయ్య అనే కుమ్మరి ఉండేవాడు. చెయ్యి మంచిదే కానీ నోరు మహా చెడ్డది. సారె తిప్పుతున్నంతసేపూ, పక్కన మన్ను తొక్కే పెళ్ళాం సూరమ్మను దెప్పుతూనే ఉండేవాడు.

"రాళ్ళు ఏరావా? ఏరి ఉండవులే. నీకు ఒక్క పనీ చేతకాదు."

"ఏరానయ్యా," అనేది ఆమె మొదట్లో. ఏరితే మాత్రం వదిలేవాడా? నీళ్ళెక్కువయ్యాయనేవాడు. నిన్నటి కూరలో ఉప్పు సంగతి ఎత్తేవాడు. అదీ అయిపోతే పెళ్ళినాటి తప్పులు తవ్వేవాడు. పాపం, రానురాను ఆమె తల ఊపి ఊరుకునేది. తర్వాత అదీ మానేసింది. గవరయ్యకు ఆ సంగతే పట్టలేదు. సారె మీది పచ్చి మన్ను తన మాటలన్నీ వింటోందని అతనికేం తెలుసు!

ఒకనాడు సంతలో ఒకావిడ కుండ కొనబోతూ, అందరూ చూసినట్టే, వేలి కణుపుతో తట్టి చూసింది. ఖంగుమనాల్సిన కుండ, "నీకు ఒక్క పనీ చేతకాదు," అంది. అచ్చం గవరయ్య గొంతే. ఆవిడ కుండను మెల్లగా కింద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

గవరయ్య ఇంకోటి తట్టాడు. "ఏరి ఉండవులే," అంది. ఏది తట్టినా అదే నస. ఒళ్ళు మండి ఒకదాన్ని నేలకేసి కొట్టాడు. పెంకులు తలో మాటా సణగసాగాయి. చుట్టూ ఉన్న జనం తలో దారీ పట్టారు.

ఇంటికి పరుగెత్తాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, గుమ్మంలోనే మొదలెట్టాడు.

"మన్నులో ఏం కలిపావే?"

సూరమ్మ జవాబు చెప్పబోయింది. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. గొంతు పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. ఊపిరి చప్పుడైనా వినబడలేదు. ఆమె తనకోసం చేసుకున్న చిన్న ముంత ఒకటి అరుగు మీద ఉంది. గవరయ్య దాన్ని తట్టాడు. గట్టిగా తట్టాడు. దూదిని తట్టినట్టుంది.

అప్పుడేసింది గవరయ్యకు భయం. ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"సూరమ్మా, నన్ను తిట్టవే. ఒక్క మాట తిట్టు."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో కోపమైనా లేదు. లేచి వెళ్ళి మన్ను తొక్కసాగింది.

ఆ తర్వాత గవరయ్య ఆమెను పల్లెత్తు మాట అనలేదు. కొత్త కుండలు ఖంగున మోగాయి, సంతలో మళ్ళీ అమ్ముడుపోయాయి. ముంతను మాత్రం రోజూ పొద్దున్నే తట్టి, చెవి ఆనించి వినేవాడు. బతికున్నన్నాళ్ళూ విన్నాడు. అది పలకనే లేదు.

అయినదానికీ కానిదానికీ మనవాళ్ళను దెప్పిపొడవకూడదు. వాళ్ళు మూగబోయాక మనం ఎంత ఏడ్చినా ఆ గొంతు తిరిగి రాదు.