ఒక్క గింజకు అమ్ముడైన ఇల్లు

అనగనగా ఒక పెద్ద అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో జంతువులు మనలాగే ఇళ్ళు అమ్మేవి, కొనేవి. మనకు రూపాయలున్నట్టు వాటికి గురివింద గింజలుండేవి. ఎర్రగా, చివర నల్లబొట్టుతో ముద్దుగా ఉంటాయి చూడండి, అవే.

ఆ అడవిలో సూదయ్య అని ఒక ముళ్ళపంది. అతని భార్య చారలమ్మ. ఇద్దరూ అప్పటిదాకా ఒక రాతి సందులో సర్దుకుని బతికారు. ఇప్పుడు చారలమ్మ నిండు చూలాలు. వానలు దగ్గరపడ్డాయి. పసిబిడ్డ తడవకుండా ఉండే ఇల్లు కావాలి. ఇద్దరూ కలిసి కూడబెట్టుకున్నది వంద గింజలు.

"తొందరగా చూడండి. దేవుడు బిడ్డనిచ్చే వేళకు నెత్తిన కప్పు ఉండాలి" అంది చారలమ్మ.

"తొందరపడితే నిలువునా ముంచేస్తారే పిచ్చిదానా! ఇల్లు కొనేముందు అది ఇదివరకు ఎంతకు అమ్ముడైందో అడగాలి. అప్పుడు గుట్టంతా బయటపడుతుంది" అన్నాడు సూదయ్య.

ఆ మాట మంచిదే. పెద్దలు చెప్పే మాటే.

మొదట వాగు ఒడ్డున ఉడుము ఇల్లు చూశారు. లోపల మెత్తటి ఇసుక, చల్లటి గాలి. ఉడుము అరవై గింజలు అడిగింది.

"నువ్వు ఎంతకు కొన్నావు?" అన్నాడు సూదయ్య.

"పదికి" అంది ఉడుము చిన్నగా.

"ఇలాంటి ఇళ్ళు ఎనభై, తొంభై పలుకుతున్నాయి. నీకు పదికే ఎందుకిచ్చారు?"

ఉడుము నాలుక ఆడించింది. వాగులో ఉన్న కప్ప నవ్వు ఆపుకోలేకపోయింది.

"శ్రావణమాసంలో రా అల్లుడూ, చూపిస్తాను. అప్పుడు ఆ ఇంట్లో ఈత కొట్టేది నేనే!"

సూదయ్య దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

తర్వాత గుట్ట మీద నక్క గుహ చూశారు. నక్క తొంభై అడిగింది. "నేను రెండొందలు పోసి కొన్నాను. సగానికి సగం తగ్గించి ఇస్తున్నాను. నా ఖర్మ, నీ అదృష్టం!" అంది.

చారలమ్మ కళ్ళు మెరిశాయి. సూదయ్య మాత్రం, "అంత ఎందుకు పెట్టావు మామా?" అని అడిగాడు.

నక్క నేల చూపులు చూసింది. లోపలి నుంచి దాని పెళ్ళాం కేకేసింది. "చెప్పవేం? పంతం నాయనా, పంతం! మా చెల్లెలి మొగుడు వంద అన్నాడు. ఈయన నూటయాభై అన్నాడు. ఆయన ఇంకో ఇరవై అన్నాడు. ఈయన గుహను చూసి పెంచాడా? తోడల్లుడి మొహం చూసి పెంచాడు! దీనికి నలభై చాలా ఎక్కువ."

సూదయ్య పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. దారంతా తన తెలివికి తానే మురిసిపోయాడు.

"చూశావా? ధర మరీ తక్కువైతే ఒక మోసం. మరీ ఎక్కువైతే ఒక మోసం. ఇక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ధర వింటే చాలు, మనిషి తెలిసిపోతాడు!"

రెండుసార్లు అడిగి తెలుసుకున్నవాడికి, అడగకుండానే తెలిసిపోతుందనిపించింది. అక్కడే కాలు జారింది పిల్లలూ.

మూడో ఇల్లు పొలుసవ్వది. ఆవిడ ముసలి అలుగు. అలుగు తెలుసు కదా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. చీమలు తిని బతుకుతుంది. భయమేసినా, బాధ కలిగినా ఉండలా చుట్టుకుపోతుంది. ఆవిడ ఇల్లు మెరక మీద, మద్దిచెట్టు వేళ్ళ మధ్య ఉంది. చుక్క నీరు నిలవదు. లోపల ఇంకో చిన్న గది. చారలమ్మ ఆ గదిలోకి వెళ్ళి నడుం వాల్చింది.

"నేను ఇక్కడే కంటానండీ" అంది.

పొలుసవ్వ నవ్వి, "నా బిడ్డ కూడా ఇక్కడే పెరిగింది తల్లీ. చల్లని గది" అంది. తొంభై గింజలు చెప్పింది. చుట్టుపక్కల అలాంటి ఇళ్ళ ధర కూడా అంతే. మర్నాడు పెద్దల ముందు బేరం ఖాయం చేసుకుందామనుకున్నారు.

తిరిగి వస్తుంటే కొమ్మ మీద నుంచి ఒక గోరింక పలకరించింది. "అవ్వ ఇల్లు కొంటున్నారా? ఆవిడ దాన్ని ఎంతకు కొన్నదో తెలుసా? ఒక్క గింజకు! ఒకటంటే ఒకటి! ఆ గింజ చేతులు మారుతుంటే పైనుంచి చూశాను!" అని చెప్పి తుర్రుమంది.

సూదయ్య ముళ్ళన్నీ నిక్కపొడుచుకున్నాయి.

"ఒక్క గింజా! పాపం ఎవరి నోరు కొట్టి లాక్కుందో! ఇప్పుడు మన దగ్గర తొంభై గుంజాలని చూస్తోంది."

"రేపు ఎందుకో అడుగుదాం లెండి" అంది చారలమ్మ.

"ఇంకా అడిగేదేముందే!" అన్నాడు సూదయ్య.

మర్నాడు మద్దిచెట్టు కింద అందరూ చేరారు. తాబేలు తాత వచ్చాడు. దుప్పి వచ్చింది. కుందేళ్ళు వచ్చాయి. పొలుసవ్వ కూర్చుని, మొదటి మాటగా దేవుణ్ణి తలుచుకుంది. అంతలో సూదయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యలారా! ఈ ఇల్లు ఈవిడకు ఎంత పడింది? ఒక్క గింజ! మాకు ఎంత చెప్పింది? తొంభై! ఏమవ్వా, ఈ వయసులో నీకు దేవుడి మీద ధ్యాస ఉండాలా, గింజల మీద ఉండాలా? చూలాలిని చూసి కూడా దోచుకోబుద్ధయిందా?"

కుందేళ్ళు కిసుక్కుమన్నాయి. "గింజలవ్వ! గింజలవ్వ!" అంది ఒకటి. దుప్పి మొహం తిప్పుకుంది.

పొలుసవ్వ ఏదో అనబోయింది. కానీ మెల్లగా తల పొట్టలోకి వంచుకుని, తోక చుట్టూ తిప్పుకుని, ఉండలా చుట్టుకుపోయింది. తాబేలు తాత కూడా తల లోపలికి లాక్కున్నాడు.

"చూశారా! జవాబు లేదు!" అన్నాడు సూదయ్య.

మా ఇంట్లో ఆడవాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ కాసేపు ఆగేవారు. మనమూ ఆగుదాం.

అప్పుడు చారలమ్మ బరువుగా లేచి వెళ్ళి, ఆ ఉండ పక్కన కూర్చుంది.

"అవ్వా, ఆయన అడగలేదు. నేను అడుగుతున్నాను. నీకు ఈ ఇల్లు ఒక్క గింజకే ఎందుకిచ్చారు?"

పొలుసుల మధ్య నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"మా అన్న ఇచ్చాడు తల్లీ. ఈ ఇల్లు తవ్వింది ఆయనే. నా పెనిమిటిని చిరుత ఎత్తుకుపోయిన ఏడు, వానలో, బిడ్డను తోక మీద ఎక్కించుకుని ఇక్కడికొచ్చాను. ఉండిపో అన్నాడు అన్న. ఒకరి ఇంట్లో ఊరికే ఉండలేను, పోతానన్నాను. అయితే కొనుక్కో అన్నాడు. నా దగ్గర ఒక్క గింజే ఉంది. అది తీసుకుని, ఈ తాబేలు తాతను సాక్షిగా పిలిచి ఇల్లు నా పేర చేశాడు. 'పుట్టింటి పసుపు కుంకుమ అనుకో. కానీ ఎవరికీ చెప్పకు. చెల్లెలు కొనుక్కుందనే అందరూ అనుకోవాలి, దానమడిగిందని ఎవరూ అనకూడదు' అని ఒట్టు వేయించుకున్నాడు. తన పిల్లలతో కొండ అవతలికి పోయి, బండనేలలో ఇంకో ఇల్లు తవ్వుకున్నాడు."

తాబేలు తాత తల బయటికి పెట్టాడు. "నిజం. నా చేత కూడా ఒట్టు వేయించాడు. ఆ ఒట్టు మాటున దాక్కుని, నా కళ్ళ ముందే ఇంత మాట పడనిచ్చాను" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఇప్పుడెందుకు అమ్ముతున్నావు అవ్వా?" అంది చారలమ్మ.

"అన్న ఇల్లు కూలిపోయిందమ్మా. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆయన గోళ్ళు అరిగిపోయాయి, ఇంక తవ్వలేడు. కొండ దాటి ఇక్కడికీ రాలేడు. ఇది అమ్మి అక్కడే ఆయనకో ఇల్లు కొని, దగ్గరుండి చూసుకుందామని..." పొలుసవ్వ తల పైకెత్తింది. సూదయ్య వైపు చూసింది. "ఇన్ని వానాకాలాలు కడుపులో దాచుకున్న మాట నాయనా. ఇవాళ ఇంతమందిలో చెప్పించావు."

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు.

సూదయ్య ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి. కుందేళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. దుప్పికి మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది సూదయ్యకు. కానీ భూమి చీలలేదు. సిగ్గుపడేవాళ్ళకు భూమాత అంత తేలిగ్గా దారివ్వదు పిల్లలూ.

అతను వెళ్ళి గింజల మూట మొత్తం పొలుసవ్వ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అవ్వా, వందా ఉన్నాయి. అన్నీ నువ్వే తీసుకో. నా తప్పు కాయి."

పొలుసవ్వ మూట విప్పింది. తొంభై లెక్కపెట్టి తీసుకుంది. పదింటిని వెనక్కి నెట్టింది.

"ఇవి వద్దు నాయనా. నువ్వు వందకు కొన్నావని రేపు అడవంతా అనుకుంటుంది. ఇంకో పిచ్చివాడెవడో ఆ ధర విని, ఇలాంటి ఇల్లు వందకు తక్కువ రాదనుకుంటాడు. మా అన్న ప్రేమ ఆ ఒక్క గింజలో కలిసినందుకే ఇవాళ ఇంత జరిగింది. నీ సిగ్గును నా ఇంటి ధరలో కలపకు. అది నీ దగ్గరే ఉంచుకో."

సూదయ్య ఆ పది గింజలూ ఏరుకున్నాడు. అందరి ముందూ, ఒక్కొక్కటే.

పొలుసవ్వ చారలమ్మ తల నిమిరి, "చల్లగా కను తల్లీ" అని దీవించి, కొండ దారి పట్టింది. సాగనంపడానికి వెళ్ళాలని సూదయ్య లేచాడు. మళ్ళీ అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ ఇంట్లోనే బిడ్డ పుట్టింది. వానలు కురిశాయి. చుక్క నీరు లోపలికి రాలేదు. కానీ ఆ చల్లని గదిలో సూదయ్యకు చాలాకాలం కంటినిండా నిద్ర పట్టలేదు.

చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునేవాళ్ళు వచ్చి, "మీకు ఎంత పడింది?" అని అడిగేవారు. "తొంభై" అనేవాడు. "అంతకుముందు?" అంటే, "ఒక్క గింజ. ఎందుకో చెబుతాను, కూర్చోండి" అనేవాడు. అన్న సంగతి చెప్పేవాడు. చెల్లెలి సంగతి చెప్పేవాడు. నలుగురిలో తాను అన్న మాట కూడా, ఒక్క ముక్క మింగకుండా చెప్పేవాడు.

ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయేది. ముళ్ళు వాలిపోయేవి. ఆ సిగ్గు మాత్రం ఎప్పటికీ పాతబడలేదు.

నీతి: పాత ధర వింతగా వినిపిస్తే, ఎవరు ఎవరికి, ఎందుకు ఇచ్చారో ముందు అడగాలి, అడగకుండా మనిషికి వెల కట్టినవాడు ఆ సిగ్గును జీవితాంతం మోయాలి.