ఖర్జూరపాకు గాటు

అనగనగా ఎడారి అంచున మట్టిగోడల పట్నం ఒకటి. ఆ ఊరివాళ్లు పొద్దున్నే తినేది స్ఫెంజ్. పులిసిన గోధుమపిండిని గారెలా నడుమ చిల్లు పెట్టి నూనెలో వేయిస్తారు. కొన్నవాళ్లు ఖర్జూరపాకు చీలికకు గుచ్చుకుని ఇంటికి పట్టుకుపోతారు.

సంతలో వీటిని వేయించే పొయ్యిలు రెండే, ఒకటి యూబాది, ఇంకొకటి మైమూన్‌ది. యూబా ఆ పూటకు కలిపిన పిండి అయిపోగానే పొయ్యి ఆర్పేవాడు. మైమూన్ మాత్రం మిగిలినవాటిని ఆకుకు గుచ్చి, రాత్రంతా వేలాడదీసి, తెల్లారి మళ్లీ వేయించి తాజావని అమ్మేవాడు.

ఒకనాడు ఒంటెలు తోలేవాడికి కడుపునొప్పి వచ్చింది. మర్నాడు కుమ్మరి ముసలమ్మకు వచ్చింది. మూడోనాడు న్యాయం చెప్పే ఖాజీగారి మనవరాలికే వచ్చింది. ముగ్గురూ రెండు చోట్లా కొన్నవాళ్లే.

తెల్లవారగానే ఖాజీ పొయ్యిలవాళ్లిద్దరినీ పిలిపించాడు. "పాతవి తినబట్టే ఈ నొప్పులు. అవి అమ్మినవాడు ఈ ఊళ్లో ఇక పొయ్యి వెలిగించడు" అన్నాడు. యూబాకు ఆ పొయ్యి తప్ప వేరే బతుకుతెరువు లేదు.

మైమూన్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "పాతది నా బాణలి మొహమే చూడలేదు దొరా!"

"నువ్వో?" అని ఖాజీ యూబాను అడిగాడు.

యూబా తల వంచాడు. "ఒక్కసారి వేయించానయ్యా. పోయినేడు మా అమ్మాయికి జ్వరం, పిండి కలపలేకపోయాను. పాతవని చెప్పే అమ్మాను."

చుట్టూ మూగిన జనం గొల్లున నవ్వారు. "విన్నారుగా! దొంగే ఒప్పుకున్నాక ఇంకా విచారణేమిటి?" అన్నాడు మైమూన్.

ఖాజీ నవ్వలేదు. "చెప్పకుండా అమ్మితే ఎవరికి తెలిసేది?"

"చూస్తే తెలిసిపోతుందయ్యా. రాత్రంతా వేలాడితే ఆ బరువుకు ఆకు చిల్లు అంచును కోస్తుంది. మళ్లీ వేయిస్తే ఆ గాటు గట్టిపడుతుందే గాని పూడదు. ఆ రోజే చూశాను."

ఖాజీ ఆ పొద్దుటి బుట్టలు రెండూ తెప్పించాడు. యూబా బుట్టలో ప్రతి అంచూ నున్నగా ఉంది. మైమూన్ బుట్టలోంచి ఖాజీ ఒకటి తీశాడు, గాటు. రెండోది తీశాడు, గాటు. మూడోదీ అంతే.

"ఎ... ఎలుక కొరికింది దొరా!"

"అన్నిటినీ ఒక్కచోటే కొరికిందా? బుద్ధిమంతురాలే!" అన్నాడు ఖాజీ.

ఆ పూటే మైమూన్ పొయ్యి ఆరిపోయింది. యూబా తిరిగివెళ్లి, మిగిలిన పిండి వేయించి, ఎప్పటిలాగే అయిపోగానే నిప్పు ఆర్పాడు.

పిల్లలూ, తన తప్పు తానే చెప్పుకున్నవాడికి, ఆపద వేళ ఆ నిజమే అండగా నిలుస్తుంది.