ఉప్పుమడిలో ఎక్కాలు

అనగా అనగా, పటాల్లో చుక్కయినా పెట్టని ఒక ఉప్పుదీవి. ఆ దీవిలో ముత్యాలు అనే పిల్ల ఉండేది. దీవిలో ఉన్న తాటాకు పుస్తకాలు ఆరే. ఆరూ చదివేసింది. ఇక చదవాలంటే సముద్రం దాటి విద్యాపీఠానికి పోవాల్సిందే.

అక్కడ పరదేశీయులకు ఏడాదికి ఒక్కటే చోటు. పైగా ఒక ఆచారం ఉంది. చదువు కాక ఇంకేం నేర్చావో చెప్పాలి.

ముత్యాలు ఏం చెబుతుంది? దీవిలో వీణ లేదు, గుర్రం లేదు, నేర్పేవారూ లేరు. ఉన్నదల్లా సముద్రపు నీళ్ళు ఎండగట్టి ఉప్పు పండించే ఉప్పుమడి. దాని అడుగు గట్టిపడేదాకా ఆడవాళ్ళంతా వరసగా నిలబడి తొక్కుతారు. తెల్లారితే అదే పని.

అయినా ఆ అమ్మలే ఆమెను పడవ ఎక్కించారు. "నీ వంతు మడి మేం తొక్కుతాంలే, పోయి రా తల్లీ" అన్నారు.

విద్యాపీఠంలో ఆ చోటు కోసం వేరే దేశాల నుంచి మరో ఇద్దరు వచ్చారు. రత్నాల వర్తకుడి కొడుకు విజయదత్తుడు గుర్రపుస్వారీలో మేటి. మంత్రిగారి కూతురు హేమప్రభ వీణలో దిట్ట.

"నీకేం వచ్చమ్మా?" అని ముత్యాలును అడిగారు ఆచార్యులవారు.

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. కానీ అబద్ధానికి ఆమెకు నోరు రాలేదు. "ఏమీ రాదండీ. మడి తొక్కేదాన్ని" అంది.

హేమప్రభ కిసుక్కున నవ్వింది. ఆచార్యులవారు నవ్వలేదు. వాకిట్లోని ముసలి కావలివాణ్ణి పిలిచారు. "ఇతనికి అక్షరమ్ముక్క రాదు. మీకు వచ్చినదేదో ఒక్క గడియలో కాస్త నేర్పండి."

"నా గుర్రం ఇంటి దగ్గరుందండీ" అన్నాడు విజయదత్తుడు.

"ఈ మొద్దువేళ్ళు తగిలితే తీగలు తెగుతాయి" అని హేమప్రభ వీణ వెనక్కి లాక్కుంది.

ముత్యాలు వెళ్ళి కావలివాడి పక్కన నిలబడింది. "తాతా, మడి తొక్కినట్టు నాతో అడుగెయ్యి. రెండొకట్ల రెండు. రెండు రెళ్ళు నాలుగు."

"తప్పితేనో అమ్మా?"

"ఇద్దరం మొదటికొస్తాం. మా మడిలో ఒక్కరు తప్పినా అందరం మొదటికే."

మూడుసార్లు మొదటికొచ్చారు. నాలుగోసారి తాత "రెండు పదులు ఇరవై" దాకా వచ్చి ఆగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ వయసులో నాకు ఎక్కం వచ్చిందమ్మా!" అన్నాడు.

"ఇలా ఎందరికి నేర్పావు?" అన్నారు ఆచార్యులవారు.

"నలభైమంది అమ్మలకండీ. మడి తొక్కుతూ పనిలో పనిగా చెప్పాను, నేర్పడమూ ఒక విద్యే అనుకోలేదు."

"చోటు నీదేనమ్మా."

ముత్యాలు ముందు సముద్రం వైపు తిరిగింది. తన వంతు మడి తొక్కుతున్న అమ్మలకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ తరవాతే ఆచార్యులవారి కాళ్ళకు మొక్కింది.

ఉన్నదాంతోనే నలుగురికీ మేలు చేయడం పెద్ద విద్య పిల్లలూ, ఆ నలుగురినీ మరవకపోవడం అంతకన్నా పెద్దది.